న్యూరోపతీ ఉన్నవాళ్ళకి వ్యాక్సిన్ భయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూరోపతీ ఉన్నవాళ్ళకి వ్యాక్సిన్ అనగానే ఒక రకం గుబులు పట్టుకుంటుంది. అసలే నరాలు దెబ్బతిని ఉన్నాయి, ఈ సూదితో ఇంకా పాడైతే ఎలా అని. ఆ గుబులు తప్పు కాదు, దాన్ని తీసిపారేసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, దాన్ని ఇంకా రెచ్చగొట్టే ఫార్వర్డ్ మెసేజ్‌లు చూసినా అంతే బాధేస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి సూటిగా జవాబులు రాస్తున్నా. ఇది చదివి మందులు మార్చడం, ఆపేయడం మాత్రం చేయకండి, అది మిమ్మల్ని చూసే డాక్టర్‌తో మాట్లాడాకే.

న్యూరోపతీ అంటే ఏంటి, అందరికీ ఒకేలా ఉంటుందా?

మెదడు, వెన్నుపాము నుంచి బయటికొచ్చి కాళ్ళకీ చేతులకీ లోపలి అవయవాలకీ వెళ్ళే నరాలు దెబ్బతింటే దాన్నే పెరిఫెరల్ న్యూరోపతీ అంటారు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకి వెళ్ళేవి కాబట్టి చాలామందికి కాలివేళ్ళ దగ్గరే మొదలై మెల్లగా పైకి పాకుతుంది, మోకాళ్ళ దాకా వచ్చేసరికి చేతివేళ్ళలో కూడా తెలియడం మొదలవుతుంది. స్పర్శ నరాలు దెబ్బతింటే తిమ్మిర్లు, అరికాళ్ళ మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండడం, చివరికి మొద్దుబారిపోవడం. కండరాలకి వెళ్ళే నరాలైతే బలం తగ్గుతుంది, పాదం సరిగ్గా పైకి లేవక తట్టుకుని పడతారు. బీపీ, జీర్ణం లాంటివి మన ప్రమేయం లేకుండా నడిపే ఆటోనమిక్ నరాలైతే లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, మలబద్ధకం, చెమట పట్టకపోవడం, యూరిన్ ఇబ్బందులు.

కారణాల్లో అన్నిటికన్నా ముందుండేది షుగర్. తర్వాత బి12 లోపం, మద్యం, కీమో మందులు, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, కుష్ఠు, హెచ్‌ఐవీ, వంశపారంపర్యంగా వచ్చేవి, ఇంకా మన ఇమ్యూన్ సిస్టమే నరాల మీద దాడి చేసేవి. ఎంత వెతికినా కారణం దొరకనివాళ్ళు కూడా చాలామందే ఉన్నారు. ఈ కారణం సంగతి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే వ్యాక్సిన్ గురించి మీకొచ్చే జవాబు చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది, "నాకు నరాల వీక్‌నెస్" అని మాత్రమే చెప్తే ఎవరూ సరైన సలహా ఇవ్వలేరు, మీ రిపోర్ట్‌లో ఏ రకం అని రాశారో చూసుకోండి, రాయకపోతే అడిగి రాయించుకోండి.

షుగర్ వల్లో బి12 లోపం వల్లో వచ్చిన న్యూరోపతీ నాది. నేను వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. ఈ రకం న్యూరోపతీలో ఇమ్యూన్ సిస్టమ్ నరాల మీద పడడం అనేది లేదు కాబట్టి న్యూరోపతీ ఒక్కటే కారణంగా టీకా మానేయాల్సిన పనిలేదు. పైగా షుగర్ ఉన్నవాళ్ళకి ఫ్లూ, న్యుమోనియా లాంటివి వస్తే మామూలు వాళ్ళకన్నా గట్టిగా పడతాయి, జ్వరంతో షుగర్ కంట్రోల్ తప్పుతుంది, అది నరాలకి ఇంకో దెబ్బ. టీకా వేసిన తర్వాత ఒకటి రెండు రోజులు కూడా షుగర్ కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది, గ్లూకోమీటర్ ఉంటే ఆ రోజుల్లో ఇంకోసారి ఎక్కువ చూసుకోండి, అంతే.

అసలు వ్యాక్సిన్ వల్ల నరాలు దెబ్బతినడం నిజంగా జరుగుతుందా, లేక అన్నీ పుకార్లేనా?

జరుగుతుంది, చాలా అరుదుగా. పుకారు అని కొట్టిపారేస్తే అది నిజంగా జరిగిన వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

ఎక్కువగా చెప్పుకునేది గులియన్ బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్. ఇందులో ఇమ్యూన్ సిస్టమ్ పొరపాటున నరాల మీదకే తిరుగుతుంది, కాళ్ళలో మొదలైన బలహీనత రోజుల్లో పైకి ఎక్కుతుంది. ఏ టీకాతో సంబంధం లేకుండానే ఇది ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి వస్తూనే ఉంటుంది, ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కోట్లమందికి టీకా వేసినప్పుడు వాళ్ళలో కొందరికి టీకా లేకపోయినా ఆ నెలలోనే జీబీఎస్ వచ్చి ఉండేది.

1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ టీకా సుమారు 4.5 కోట్లమందికి వేశారు, వేసినవాళ్ళలో దాదాపు లక్షకి ఒక జీబీఎస్ కేసు అదనంగా వచ్చిందని తేలింది, ఆ డిసెంబర్‌లో ప్రోగ్రామే ఆపేశారు. అప్పట్నుంచి ప్రతి ఫ్లూ టీకా మీదా ఈ కోణంలో కన్నేసి ఉంచుతున్నారు, ఇప్పటి ఫ్లూ టీకాలతో ఆ రిస్క్ ఉంటే గింటే పది లక్షల డోసులకి ఒకటి రెండు అదనపు కేసులు. కోవిడ్ టీకాల్లో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళ జాన్సెన్‌కి 2021 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ జీబీఎస్ హెచ్చరిక పెట్టింది, అప్పటికి 1.25 కోట్ల డోసులకి వంద దాకా రిపోర్టులు వచ్చాయి. ఆస్ట్రాజెనెకా టీకాకి కూడా యూరప్‌లో చాలా అరుదైన సైడ్ ఎఫెక్ట్‌గా చేర్చారు. ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో అలాంటి పెరుగుదల తేలలేదు. సర్పి అని పిలిచే షింగిల్స్‌కి వేసే షింగ్రిక్స్‌తో 65 దాటినవాళ్ళలో పది లక్షల డోసులకి సుమారు మూడు అదనపు కేసులు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తెచ్చే ఆర్‌ఎస్‌వీ వైరస్‌కి వేసే టీకాలతో అదే వయసువాళ్ళలో ఏడు నుంచి తొమ్మిది దాకా.

పెద్దవాళ్ళలో ఉన్న భయానికి ఇంకో పాత మూలం కూడా ఉంది. కుక్కకాటుకి ఒకప్పుడు గొర్రె మెదడు కణజాలంతో చేసిన టీకా వాడేవాళ్ళు, అందులో ఉన్న నరాల పదార్థం వల్ల కొందరికి పక్షవాతం లాంటి ఇబ్బందులు నిజంగానే వచ్చేవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మానేయమని చెప్పింది, ఇప్పుడు వాడే రేబీస్ టీకాల్లో మెదడు కణజాలం ఉండదు. కుక్క కరిచిన తర్వాత న్యూరోపతీ ఉందని టీకా మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, రేబీస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

టీకా మానేస్తే ఆ రిస్క్ తప్పుతుందా?

చాలామంది ఆలోచించని కోణం ఇదే. జీబీఎస్ వచ్చినవాళ్ళలో దాదాపు మూడింట రెండొంతుల మందికి అంతకుముందు ఆరు వారాల్లోపు ఏదో ఒక ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటుంది, విరేచనాలు తెప్పించే క్యాంపైలోబ్యాక్టర్ అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, ఫ్లూ, జికా, కోవిడ్ కూడా ఆ లిస్టులో ఉన్నాయి. ఫ్లూ జబ్బు వచ్చినప్పుడు ఉండే జీబీఎస్ రిస్క్ ఫ్లూ టీకాతో ఉండే రిస్క్ కన్నా ఎక్కువ. షింగిల్స్ అయితే నేరుగా నరంలోనే దాక్కుని ఉండే వైరస్, పొక్కులు మానిపోయాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఆ నరం వెంట నిప్పులాంటి నొప్పి మిగిల్చి పోతుంది. ఇప్పటికే నరాల నొప్పితో ఉన్నవాళ్ళకి అది ఇంకోటి తోడవ్వడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఒక పక్క రిస్క్, ఇంకో పక్క సున్నా అని లెక్క వేసుకోకండి, రెండు పక్కలా రిస్కే ఉంది, ఏది తక్కువో చూడాలి.

నాకు ఇంతకుముందే జీబీఎస్ వచ్చి తగ్గింది. మళ్ళీ టీకా వేయించుకుంటే?

ఇది ఒక్కొక్కరికి విడిగా తేల్చాల్సిన విషయం. ఫ్లూ టీకా గానీ టెటనస్ ఉన్న టీకా గానీ వేసిన ఆరు వారాల్లోపే జీబీఎస్ వచ్చి ఉంటే, అదే రకం టీకా మళ్ళీ వేసేముందు డాక్టర్లు ఆగి ఆలోచిస్తారు, వేయకపోతే వచ్చే ప్రమాదం పెద్దదైతే వేస్తారు కూడా. టీకాతో సంబంధం లేకుండా ఎప్పుడో వచ్చి తగ్గిన జీబీఎస్ అయితే ఎక్కువమంది టీకాలు వేయించుకుని బాగానే ఉంటారు. మీకు అప్పట్లో ఏ నెలలో వచ్చింది, దానికి ముందు ఏ జ్వరం వచ్చింది, ఏ టీకా పడింది, ఈ మూడూ ఒక కాగితం మీద ఉంటే డాక్టర్ పని సగం అయిపోయినట్టే, పాత డిశ్చార్జ్ సమ్మరీ మాత్రం పారేయకండి.

సీఐడీపీ ఉంది, స్టెరాయిడ్లో ఐవీఐజీయో రిటుక్సిమాబో నడుస్తోంది. నా సంగతేంటి?

సీఐడీపీ అంటే ఇమ్యూన్ సిస్టమ్ నరాల మీద నెలల తరబడి దాడి చేసే న్యూరోపతీ, ఐవీఐజీ అంటే దాతల రక్తం నుంచి తీసి రక్తనాళంలోకి ఎక్కించే యాంటీబాడీలు, రిటుక్సిమాబ్ ఇమ్యూనిటీని తగ్గించే మందు. ఇక్కడ రెండు విషయాలు కలిసిపోయి కన్‌ఫ్యూజన్ అవుతుంటుంది. ఒకటి, ఇమ్యూనిటీ తగ్గించే మందులు గట్టి డోసులో వాడేవాళ్ళకి లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసేవి, సాధారణంగా వేయరు. తట్టు, గవదబిళ్ళల టీకా, చికెన్‌పాక్స్ టీకా, యెల్లో ఫీవర్ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే ఈ కోవలోవి. రోజుకి 20 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ ప్రెడ్నిసొలోన్ రెండు వారాలకి పైగా వాడితే అది గట్టి డోసు కిందే లెక్క. మామూలు ఫ్లూ సూది, షింగ్రిక్స్, న్యుమోనియా, హెపటైటిస్ బి టీకాలు లైవ్ కావు, వాటికి ఈ అడ్డు లేదు.

రెండోది టైమింగ్. రిటుక్సిమాబ్ పడిన కొత్తలో టీకా వేస్తే ప్రమాదమని కాదు, అది పనిచేయకపోవచ్చని, అందుకే తర్వాతి డోసుకి కనీసం రెండు నుంచి నాలుగు వారాల ముందు టీకా వేసేలా ప్లాన్ చేస్తారు. ఐవీఐజీలో ఇతరుల యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి తట్టు, చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలని డోసుని బట్టి 8 నుంచి 11 నెలల దాకా వాయిదా వేస్తారు, మిగతా టీకాలకి ఆ లెక్క లేదు. టీకా తర్వాత సీఐడీపీ తిరగబెట్టడం కొద్దిమందిలో రిపోర్ట్ అయింది, అందుకే జబ్బు అదుపులో ఉన్న టైమ్ చూసి, ఒకేసారి మూడు నాలుగు కలిపి కాకుండా విడివిడిగా వేయించుకునే వీలుందా అని న్యూరాలజిస్ట్‌ని అడగడంలో తప్పులేదు.

వంశపారంపర్యంగా వచ్చే షార్కో మేరీ టూత్ అనే న్యూరోపతీ ఉంటే?

ఆ జబ్బు వల్ల టీకాకి అడ్డు లేదు. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్ళు విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి, నరాలు తీవ్రంగా దెబ్బతింటాయి. టీకా గురించి పదిసార్లు అడిగేవాళ్ళకి కూడా ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, అందుకే ఇక్కడ రాశా.

టీకా వేయించుకున్న రెండో రోజు నుంచి మంటలు ఎక్కువయ్యాయి. నరాలు ఇంకా పాడైనట్టేనా?

చాలావరకు కాదు. టీకా తర్వాత ఒకటి నుంచి మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు, చెయ్యి నొప్పి మామూలే. జ్వరం వచ్చినా, నిద్ర సరిగ్గా పట్టకపోయినా, షుగర్ పెరిగినా, టెన్షన్ పడినా ఉన్న న్యూరోపతీ నొప్పి పెరుగుతుంది, ఏ జలుబు జ్వరానికైనా ఇలాగే అవుతుందని మీకూ అనుభవమే ఉంటుంది. అలాంటి పెరుగుదల కొద్ది రోజుల్లో మళ్ళీ పాత స్థాయికి దిగిపోతుంది.

కష్టం ఎక్కడంటే, తిమ్మిర్లు మంటలు రోజూ ఉండేవాళ్ళకి ఏది పాతదో ఏది కొత్తదో పట్టుకోవడం చాలా కష్టం, సూది పడిన రోజు నుంచి ఒంటి మీద ధ్యాస పెరిగి అంతకుముందు పట్టించుకోని ప్రతి చురుకూ కొత్తగా అనిపిస్తుంది. ఇంకోపక్క నిజంగానే కొత్త సమస్య మొదలైతే, "నీకు ఎప్పుడూ ఉండేదేగా" అని ఇంట్లోవాళ్ళూ డాక్టరూ తేలిగ్గా తీసుకునే ప్రమాదం కూడా అంతే ఉంది. ఈ రెండిటికీ మందు ఒక్కటే, సూదికి ముందు మీ పరిస్థితి రాసి పెట్టుకోవడం. ఈ పేజీ మొత్తంలో ఒక్కటి చేస్తే చాలనుకుంటే ఇదే చేయండి.

ఏం రాసుకోవాలి, ఎలా?

టీకాకి ముందు ఒక వారం పాటు రోజూ ఒకే టైమ్‌కి, రాత్రి పడుకోబోయే ముందైతే మేలు, నొప్పికి సున్నా నుంచి పదిలో ఎంతో రాయండి. మొద్దుబారడం ఎక్కడి దాకా ఉందో దూది ముక్కతో పాదం నుంచి పైకి రాస్తూ చూడండి, ఎక్కడ తెలియడం మొదలైందో అక్కడ కొలిచి, చీలమండకి ఇన్ని వేళ్ళ పైన అని రాసుకోండి, పెన్నుతో గుర్తు పెట్టి ఫోన్‌లో ఫోటో తీసుకున్నా సరే.

తర్వాత బలం. గోడ పట్టుకుని మడమల మీద నిలబడి నాలుగడుగులు వేయగలరా, మునివేళ్ళ మీద లేవగలరా, చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవగలరా, చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతోంది. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తూలు వస్తుందా, ఎంత వస్తుంది, అదీ రాయండి, పాదాల స్పర్శ తగ్గినవాళ్ళు కళ్ళ మీద ఆధారపడి నిలబడతారు కాబట్టి కళ్ళు మూయగానే తేడా బయటపడుతుంది. పడిపోయే భయం ఉంటే పక్కన మనిషిని పెట్టుకునే చేయండి.

టీకా వేశాక ఆరు వారాల దాకా ఇవే చూసుకోండి, మొదటి రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు చాలు. గంటగంటకీ చూసుకుంటే మాత్రం అదే ఒక జబ్బు అయిపోతుంది.

ఏం కనిపిస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి?

మంట పెరగడం కాదు, బలం పోవడం చూడండి. రెండు కాళ్ళలోనూ బలహీనత గంటల్లో, రోజుల్లో పైకి ఎక్కుతూ ఉండడం, నిన్న ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోవడం, మొహం ఒకవైపు గానీ రెండువైపులా గానీ జారడం, మింగడం కష్టమవడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, యూరిన్ ఆగిపోవడం. వీటిలో ఏది కొత్తగా వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. జీబీఎస్‌లో బలహీనత సాధారణంగా నాలుగు వారాల్లోపే గరిష్టానికి చేరుతుంది, నాలుగో వంతు మందికి దాకా వెంటిలేటర్ అవసరం పడుతుంది. దీనికి ఐవీఐజీ గానీ ప్లాస్మా మార్పిడి గానీ ఇస్తారు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, స్టెరాయిడ్లు మాత్రం జీబీఎస్‌లో పనిచేయవు. సరైన చికిత్స అందితే ఎక్కువమంది ఆరు నెలలకల్లా సాయం లేకుండా నడుస్తారు.

ఆసుపత్రిలో మొదటి మాటే "నాకు పాత న్యూరోపతీ ఉంది, కానీ ఈ బలహీనత కొత్తది, ఫలానా రోజు మొదలైంది" అని చెప్పండి, రాసుకున్న కాగితం చూపించండి. టీకా వేయించుకుంటే ఆ తేదీ, పేరు కూడా.

సూది వేసిన పది నిమిషాలకే పెదాల చుట్టూ, చేతులు రెండూ తిమ్మిరెక్కాయి. ఇదేంటి?

భయంతో గబగబా ఊపిరి తీసుకుంటే సరిగ్గా ఇలాగే పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లలో తిమ్మిర్లు వస్తాయి, ఊపిరి నెమ్మదిస్తే కాసేపట్లో తగ్గిపోతాయి. అది నటన కాదు, ఒంట్లో నిజంగా జరిగే మార్పే. అదే టైమ్‌లో దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, పెదాలు వాయడం ఉంటే అది అలర్జీ, అక్కడే చెప్పాలి, వెంటనే ఇంజెక్షన్ ఇస్తారు. అందుకే 15 నిమిషాలు, అలర్జీ చరిత్ర ఉంటే 30 నిమిషాలు అక్కడే కూర్చోమనేది.

ఆటోనమిక్ న్యూరోపతీ ఉండి లేవగానే బీపీ పడిపోయేవాళ్ళు పడుకునే సూది వేయించుకోండి, లేచేటప్పుడు కాసేపు కూర్చుని లేవండి.

చెయ్యి నొప్పి వారాలైనా తగ్గట్లేదు. ఎందుకు?

సూది మరీ పైన, భుజం కీలు దగ్గర పడితే అక్కడ వాపు వచ్చి చెయ్యి ఎత్తలేకపోవడం జరుగుతుంది, ఇది మందు వల్ల కాదు, వేసిన చోటు వల్ల. భుజం ఎముక చివర నుంచి రెండు మూడు వేళ్ళ కింద కండరం మధ్యలో వేయాలి, చొక్కా పూర్తిగా తీసి భుజమంతా కనపడేలా కూర్చోండి. ఇంకోటి చాలా అరుదైనది, బ్రేకియల్ న్యూరైటిస్ అంటారు, ముందు భుజంలో భరించలేని నొప్పి, అది తగ్గుతుండగా చెయ్యి బలహీనపడి కండరం సన్నబడడం, కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఒకటి రెండేళ్ళు పడుతుంది. ఇన్ఫెక్షన్ల తర్వాత, ఆపరేషన్ల తర్వాత కూడా ఇది వస్తుంది. ఒక చెయ్యి ఇప్పటికే బలహీనంగా ఉంటే సూది రెండో చేతికి వేయమనండి.

టీకా కోసం ప్రెగాబలిన్, గాబాపెంటిన్ ఆపాలా?

వద్దు. నరాల నొప్పికి వాడే ప్రెగాబలిన్, గాబాపెంటిన్, డులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ ఏవీ టీకా పనిని చెడగొట్టవు. ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబడడమే కాకుండా చెమటలు, నిద్రలేమి, ఆందోళన వస్తాయి, ఆ ఇబ్బందినే టీకా సైడ్ ఎఫెక్ట్ అనుకుని హడలిపోతారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు సూది వేసిన చోట కనీసం రెండు నిమిషాలు రుద్దకుండా గట్టిగా నొక్కి పట్టుకోండి. పారాసిటమాల్ జ్వరం గానీ నొప్పి గానీ వచ్చాక వేసుకోవచ్చు, ముందే వేసుకోవాల్సిన పనిలేదు.

టీకాకి ముందు నరాల బలానికి బి కాంప్లెక్స్ ఎక్కువ వేసుకుంటే మంచిదా?

మంచిది కాకపోగా చెడు చేయొచ్చు. అందులో ఉండే బి6 ఎక్కువైతే అదే న్యూరోపతీ తెస్తుంది, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దవాళ్ళకి రోజుకి 12 మిల్లీగ్రాములు మించొద్దని పరిమితి పెట్టింది, "నరాల మాత్రలు" అని అమ్మే వాటిలో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. డబ్బా వెనక పైరిడాక్సిన్ (అంటే బి6) అని ఎంత రాశారో చదవండి, రెండు మూడు రకాలు వేసుకుంటుంటే అన్నీ కలిపి చూడండి. బి12 సంగతి వేరు, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడేవాళ్ళకి అది తగ్గిపోతుంది, రక్తపరీక్ష చేయించుకుని లోపం ఉంటే తీసుకోవాలి.

టెస్టులన్నీ నార్మల్ అన్నారు, కానీ మంటలు పోవట్లేదు. డాక్టర్ నమ్మట్లేదు, ఏం చేయాలి?

మామూలుగా చేసే నర్వ్ కండక్షన్ టెస్ట్ పెద్ద నరాలనే కొలుస్తుంది. మంటనీ వేడినీ చల్లదనాన్నీ మోసే సన్న నరాలు మాత్రమే దెబ్బతింటే ఆ టెస్ట్ నార్మల్‌గానే వస్తుంది, దాన్ని స్మాల్ ఫైబర్ న్యూరోపతీ అంటారు, చర్మం చిన్న ముక్క తీసి చేసే బయాప్సీలో తెలుస్తుంది. కాబట్టి రిపోర్ట్ నార్మల్ అంటే మీ నొప్పి అబద్ధమని కాదు. టీకా తర్వాతే మొదలైందని మీకనిపిస్తే ఆ మాట కూడా చెప్పండి, మీ దేశంలో టీకా సైడ్ ఎఫెక్ట్స్ రిపోర్ట్ చేసే వ్యవస్థలో నమోదు చేయమని అడగండి. రిపోర్ట్ చేసినంత మాత్రాన టీకా వల్లే అని తేలినట్టు కాదు, కానీ ఇలాంటి రిపోర్టులు పోగుపడబట్టే జాన్సెన్ హెచ్చరిక బయటికొచ్చింది. అదే టైమ్‌లో షుగర్, బి12, థైరాయిడ్ టెస్టులు మాత్రం వదలకండి, టీకా మీద అనుమానంతో వెతకడం మానేసి, చికిత్స ఉన్న కారణాన్ని వదిలేసుకున్నవాళ్ళు ఉన్నారు.

ఇక రోజూ పాదాల విషయంలో ఏం చూసుకోవాలి?

టీకా గురించి నెలల తరబడి మథనపడి, పాదం కింద పుండు చూసుకోనివాళ్ళని చూస్తే మనసు చివుక్కుమంటుంది, మొద్దుబారిన పాదానికి అసలు ప్రమాదం అక్కడే ఉంది. రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి, చూపు ఆనకపోతే ఇంకొకరిని చూడమనండి. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి, రాయి గుచ్చుకున్నా మీకు తెలియదు. ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో తిరగొద్దు. నీళ్ళ వేడి పాదంతో కాదు మోచేత్తో చూడండి, చేతులు కూడా మొద్దుబారి ఉంటే థర్మామీటరే వాడండి. మంటలని వేడి కాపడం పెట్టొద్దు. ఆనెలు బ్లేడుతో కోయొద్దు. చిన్న పుండైనా రెండు రోజుల్లో మానే దారి పట్టకపోతే, ఎర్రబడినా, వాసనొచ్చినా అదే రోజు చూపించుకోండి, నొప్పి లేదు కదా అని ఆగొద్దు, నొప్పి తెలియకపోవడమే మీ జబ్బు.